ఆపితే ఏమిస్తావ్

స్కూలు నుంచి ఫోనంటేనే సులోచనకు భయం. ఆ పేరు సెల్లులో కనపడితే చాలు, చేతిలో ఏ పనుంటే ఆ పని ఆడనే ఆగిపోయేది. ఆ పొద్దు బియ్యం కడుగుతాండింది. తడి చేతులతోనే ఎత్తింది. అవతల ఎవరో ఆయమ్మ గొంతు తగ్గించి, వెంటనే రాండమ్మా, ఇంట్లో పెద్దోళ్లను కూడా పిల్చుకొని రాండి అనింది. పెద్దోళ్లను రమ్మన్నారంటేనే సులోచనకు అర్థమైపోయింది. ఈసారి గిచ్చడం కాదు, కొరకడం కాదు, ఇంకేదో అయ్యింది.

అయ్యింది. కొడుకు నితిన్ స్టీలు నీళ్ల బాటిలు విసిరినాడు. పక్క బెంచీలో శరణ్య అని ఒక పాప, నోట్లో నాలుక లేని బిడ్డ, వీని రబ్బరు తీసుకొని మళ్లీ ఇయ్యలేదంట. అంతే. బాటిలు పోయి ఆ బిడ్డ కనుబొమ్మకు తగిలింది. చీలిపోయి ముఖమంతా రక్తం. ఆస్పత్రికి ఎత్తుకొని పోయి కుట్లు వేయించినారు. రవ్వంత కిందికి తగిలింటే కన్నే పోయేదని డాక్టరు అన్నాడంట.

ఏడేళ్ల పిల్లోడప్పా వాడు. నిద్రపోతే ఇంకా అమ్మ కొంగు చేతికి చుట్టుకునే పిల్లోడు. అంత కోపం వానికి యాడ నుంచి వచ్చిందని ఆదోని అంతా అడిగేవాళ్లే గానీ, జవాబు చెప్పే పుణ్యాత్ముడు ఒక్కడు లేడు. జాతకం చూసినోళ్లు ఉన్నారు, తాయత్తు కట్టినోళ్లు ఉన్నారు. ఉరుకుంద పోయి ఈరన్నస్వామికి మొక్కుకోమన్నోళ్లు ఉన్నారు. సులోచన అన్నీ చేసింది. దర్శనం చేసుకొని బయటికొచ్చి ఇంకా నుదుటి మీద విభూతి ఆరలేదు, బొమ్మల అంగడి కాడ వాడు నేలమీద పడి పొర్లి, లేపబోయిన ముసలావిడను చెప్పుకాలితో తన్నినాడు. స్వామి మాత్రం ఏం చేస్తాడు పాపం.

ఇంటి సంగతి చెప్పాల ముందు. అది చెప్పకపోతే ఇదేదీ అర్థం కాదు. సులోచన మామ ఇంద్రసేనయ్యది పత్తి కమీషన్ మండి, రైతుల పత్తి అమ్మిపెట్టే అంగడి. కింద మండి, పైన సంసారం. రైతులు, కొనేవాళ్లు పొద్దన్నుంచీ కిందే కూచొని ఉంటారు. మార్కెట్ యార్డులో ఇప్పుడు టెండర్లన్నీ కంప్యూటర్లోకి పోయినా, ముందు మాట, వెనక మాట, నాణ్యం బాగలేదు తగ్గించుకో అనేది, అదంతా మండిలోనే తేలాల. ఆ ఇంటికి ఒకటే కట్టుబాటు. కింద బేరం నడుస్తాంటే పైన గొంతు లేవకూడదు. ఇంట్లో రచ్చ వినపడే అంగట్లో మాటకు విలువుండదని ఇంద్రసేనయ్య తండ్రి కాలం నుంచీ నమ్మకం. సులోచన అత్త ఉమాదేవి, కాపురానికొచ్చిన కొత్తలో నూనె చిట్లి చెయ్యి కాలితే, కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చిందంట. ఇప్పటికీ ఆ కథ గొప్పగా చెప్పుకుంటుంది. అందులో గొప్పేముందో ఆమెనే అడగాల.

పసిపిల్లోనికి ఈ కట్టుబాట్లు ఏం తెలుస్తాయి? వాడు ఏడ్చినాడు. ఏడ్చినప్పుడల్లా ఎవరో ఒకరు పరిగెత్తుకొచ్చి నోరు మూయించేదానికి ఏదో ఒకటి చేతిలో పెట్టినారు. మొదట చక్కెర పలుకులు. కొన్నాళ్లకి చక్కెరకు ఆగలేదు, బిస్కెట్టు ఇచ్చినారు. బిస్కెట్టుకు ఆగకపోతే చాక్లెట్టు, దానికీ ఆగకపోతే సెల్లు. వాళ్లు చెడ్డోళ్లు కాదు. వాళ్లకు తెలిసిన విద్యే అది. గొడవ ముదరకముందే ఎంతో కొంతకి తెగ్గొట్టుకోవాల, ఎదుటి మనిషిని ఉత్త చేతులతో పంపకూడదు. ఇంద్రసేనయ్య అయితే మనవన్ని ఒళ్లో కూచోబెట్టుకొని, పాతకాలం దళారుల మాదిరి తువ్వాల కింద వేళ్లు పట్టుకొని, వేలుకింత అని ధర కట్టి, ఇన్ని చాక్లెట్లకు నోరు మూస్తావా అని ఆట ఆడేవాడు. వాడు తాత వేలు ఇంకొకటి పట్టుకొని లాగేవాడు. అందరూ పడీ పడీ నవ్వేవాళ్లు, మండి గద్దె మీద కూచునే మొగోడు వచ్చినాడు అనేవాళ్లు. సులోచన కూడా నవ్వింది. అప్పుడు అది ముద్దుగానే ఉండింది మరి.

చెల్లెలు హర్షిత పుట్టినాక ఆ ముద్దు కాస్తా పోయింది. ఏడుపు చాలక తన్నులు మొదలైనాయి. గిన్నెలు మేడ మీద నుంచి పడినాయి. సెల్లు పెరుక్కుంటే తల గోడకేసి కొట్టుకునేవాడు. ఇంట్లోవాళ్లు భయపడి అడిగిందల్లా ఇచ్చినారు. ఇంటి భయం స్కూలుకు లేదు గదా. ఆడ వాళ్లు ఇయ్యలేదు, వీడు కొట్టినాడు.

శరణ్య వాళ్ల నాయనది కూడా పత్తి వ్యాపారమే. మండికొచ్చి నిలబడి ఒక్క మాట తిట్టలేదు ఆ మనిషి. మీ ఇంట్లో ఆడబిడ్డకు ఇట్లయితే ఏం చేస్తారన్నా అని అడిగి, జవాబు కోసం నిలబడకుండా పోయినాడు. ఇంద్రసేనయ్యకు తల కొట్టేసినట్లయ్యింది. స్కూలువాళ్లు ఇంక పంపొద్దు, వేరే యాడన్నా చూసుకోండి అన్నారు. ఆ సాయంత్రమే పెద్దాయన తేల్చేసినాడు. ఎమ్మిగనూరులో హాస్టలు ఉన్న స్కూలు ఒకటుందంట, మొండిపిల్లోళ్లను దారికి తెస్తారంట, ఆడ చేర్పిద్దాం అన్నాడు. నితిన్ నాయన సాయిరాం తలకాయ ఊపినాడు. ఆయన తండ్రి ముందర తలకాయ ఊపడం తప్ప నోరు విప్పిన మనిషి కాదు.

సులోచన పుస్తకాలు తెచ్చుకునేదానికి స్కూలుకు పోయినప్పుడు, క్లాసు టీచరు రష్మి గేటు దాకా వెంట వచ్చింది. మంత్రాలయం పక్క పిల్ల, ఇంట్లో అందరూ పంతుళ్లే. రెండుసార్లు మాట మొదలుపెట్టి మింగింది. మూడోసారి చెప్పేసింది.

"అక్కా, తప్పుగా అనుకోవద్దు. వాడు బాటిలు ఎత్తినప్పుడు నేను ఆడనే ఉన్నా. ఆపు నాయనా అని అరిసినా. వాడు చెయ్యి ఎత్తి పెట్టుకొనే నన్ను చూసి, ఆపితే ఏమిస్తావ్ మేడమ్ అని అడిగినాడు. ఎగతాళికి కాదక్కా, నిజంగానే అడిగినాడు. నేను ఏమీ ఇయ్యను అన్నా. అప్పుడు విసిరినాడు."

సులోచన ఆడనే నిలబడిపోయింది. ఎవరో చెంప మీద ఫెడీమని కొట్టినట్లు ఉండింది ఆమెకు. దయ్యం కాదు, గ్రహం కాదు, జాతకం కాదు. వాని కోపం అందరి పిల్లోళ్లకుండే కోపమే. ఆ కోపం వస్తే ఏం చేసుకోవాల్నో వానికి ఎవరూ చెప్పలేదు. దాన్ని అమ్ముకోవడం మాత్రం ఇంటిల్లిపాదీ కూచొని నేర్పించినారు.

ఏం చేయమంటావ్ మేడమ్ అని అడిగితే రష్మి తనకు తెలిసింది చెప్పింది. కోపంలో ఉన్నప్పుడు ఏమీ ఇయ్యొద్దు, ఏమీ ఇస్తానని చెప్పొద్దు. కొట్టనియ్యొద్దు, చేతులు పట్టుకోవాల. ఆ వేడిలో నీతులు చెప్తే తలకెక్కవు, పక్కన ఉండాల అంతే. చల్లారినాక మాట్లాడాల, ఏంటికి కోపమొచ్చిందో వాని నోటితోనే చెప్పించాల. మొదట ఇంకా ఎక్కువ చేస్తాడక్కా, ఇన్నాళ్లూ ఇచ్చినోళ్లు ఇయ్యకపోతే ఊరుకుంటాడా, మీరు తట్టుకోవాల అనింది. తట్టుకుంటా అని సులోచన ఆ పిల్ల చేతులు పట్టుకొని చెప్పింది. ఎంత తట్టుకోవాల్నో తెలిసింటే అంత ధైర్యంగా చెప్పేది కాదు.

ఇంటికొచ్చి మామ కాళ్ల కాడ కూచొని బతిమాలింది. నెలాఖరు దాకా టైమియ్యి మామా, నేను చూసుకుంటా అని. ఇంద్రసేనయ్య వేళ్ల మీద రోజులు లెక్కపెట్టినాడు. చివరికి, సరే, కిందికి శబ్దం రాకుండా చూసుకో అన్నాడు. శబ్దం రాకుండా! ఆ పెద్దమనిషికి ఏమని చెప్పాల. నొప్పి ఉండొచ్చు, మూలగకూడదు అన్నట్లు.

మొదటి రోజే సెల్లు అడిగినాడు. ఇయ్యను నాయనా అనింది సులోచన. వాడు ఎప్పటిమాదిరే గొంతెత్తినాడు. ఆమె వాన్ని వెనక గదిలోకి ఎత్తుకొని పోయి తలుపేసి నేలమీద కూచుంది. కాళ్లతో తన్నినాడు, పట్టుకుంది. జుట్టు పీకినాడు, విడిపించుకొని మణికట్లు పట్టుకుంది. వాడు ఆమె ముంజేతిని కొరికినాడు. పళ్లు దిగినాయి. ఆమె అరవలేదు. గొంతు పగిలేటట్లు వాడు అరుస్తాంటే ఆ గదిలో గాలే లేనట్లుండింది ఆమెకు. వాడు కొంచెం కొంచెం అలసిపోతాండాడు అనుకునే లోపల, కింద ఎవరో కొనేవాడు బేరం మధ్యలో లేచిపోయినాడంట. ఇంద్రసేనయ్య ఆ అరుపు ఆపించమని గుమాస్తా బసప్పను పైకి తోలినాడు. ఉమాదేవి కిటికీలో నుంచి చెయ్యి పెట్టి సెల్లు లోపలికి ఇచ్చింది. వాడు టక్కున నోరు మూసినాడు. బుగ్గల మీద నీళ్లు ఇంకా కారుతానే ఉన్నాయి, వాని కళ్లు మాత్రం సెల్లులో బొమ్మల మీదికి పోయినాయి. అత్తమీద సులోచనకు ఒళ్లు మండింది. ఏమన్నా అంటే శబ్దం అయితాది. అనలేదు.

అట్ల ఎన్నిసార్లో. ఈమె కడతాంటే వెనక నుంచి ఒకరు విప్పేవాళ్లు. ఒకసారి తాత, ఒకసారి అవ్వ, ఒకసారి సాయిరామే. అలసిపోయి ఇంటికొచ్చి, పోనీలేవే, ఒక్క చాక్లెట్టుకు ఏమైతాది అనేవాడు. ఇంక పట్టలేక ఒకనాడు సులోచన చెయ్యి లేచింది. చెంప మీద కొట్టింది, మళ్లీ కొట్టింది, మూడోది కొట్టబోయేసరికి వాడు కూడా చెయ్యెత్తి నిలబడినాడు. తన మాదిరే, అదే చెయ్యి, అదే కోపం. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆమె బాత్రూములోకి పోయి కొళాయి తిప్పి, ఆ నీళ్ల శబ్దంలో ఏడ్చింది. కింద పత్తి నాణ్యం మీద మాటలు నడుస్తాండాయి.

మధ్యలో ఒక్కరోజు మాత్రం దేవుడు కళ్లు తెరిచినట్లయ్యింది. ఇంట్లోవాళ్లంతా పెండ్లికి పోయినారు. వాడు టీవీ కోసం మొదలుపెట్టినాడు. ఆమె పట్టుకొని కూచుంది. అరిచి అరిచి, వాడు నేలమీద పడుకొని, తల తెచ్చి ఆమె పాదం మీద పెట్టి ఊరుకున్నాడు. ఆమె ఏమీ ఇయ్యలేదు, వాడు ఏమీ అడగలేదు. కాసేపటికి, హర్షితకు అందరూ ముద్దులు పెడతారు, నేను పోతే పో పో అంటారు అన్నాడు. అవును నాయనా, అంటాండారు, తప్పే అనింది. వాడు తల ఊపినాడు. ఇంట్లోవాళ్లు తిరిగొచ్చినాక ఈ సంగతి చెప్పాలని నోటిదాకా వచ్చింది సులోచనకు. చెప్తే దిష్టి తగులుతాదేమో అని మింగుకుంది.

ఆ సంతోషం రెండు రోజులు కూడా నిలవలేదు. ఆదివారం మధ్యాహ్నం వాడు మళ్లీ సెల్లు అడిగినాడు. ఈసారి సులోచన అందరికీ దండం పెట్టింది, మీరు ఎవరూ కదలొద్దండి అని. ఎవరూ కదలలేదు. వాడు ఏడ్చినాడు, ఎవరూ రాలేదు. తట్ట విసిరినాడు, రాలేదు. తల గోడకు కొట్టుకున్నాడు, సులోచన చెయ్యి అడ్డం పెట్టింది గానీ సెల్లు ఇయ్యలేదు. అప్పుడు వాడు ఏడుపు ఆపి, అందరి ముఖాలూ ఒకసారి చూసినాడు. ఆ చూపు సులోచనకు చచ్చేదాకా గుర్తుంటాది. ఆమె లేచే లోపలే పోయి, మెట్ల కాడ కూచొని ఆడుకుంటాండే హర్షితను తోసేసినాడు.

బిడ్డ మెట్లు దొర్లింది. మెట్లు మలుపు తిరిగే కాడ వేసిన పత్తి మూట మీద పడింది గాబట్టి బతికింది. పెదవి చిట్లింది, భుజం వాచింది. ఉమాదేవి గుండెలు బాదుకుంటా కిందికి ఉరికింది. కట్టుబాటు ఆ పొద్దు ఎవరికీ గుర్తు రాలేదు. నితిన్ మెట్ల పైన నిలబడి వణుకుతాండాడు. వాడు కూడా అంత అనుకోలేదు. ఇంకొంచెం పెద్ద గొడవ పెడితే ఇస్తారేమో అనుకున్నాడు, అంతే.

ఇంక సులోచనకు అడిగే ముఖం లేదు. ఇస్తే వాడు చెడిపోతాడు, ఇయ్యకపోతే పసిబిడ్డ ప్రాణం మీదికొచ్చింది. రష్మి చెప్పినట్లే చేసింది గదా, ఇంక ఏం చేయాల? ఎవర్ని అడగాల? హర్షిత భుజానికి కాపడం పెడతా, కన్నతల్లివి నువ్వే ఇద్దర్నీ కాపాడుకోలేకపోతివి అని తన్ను తాను తిట్టుకుంది. మామ హాస్టలు మాట ఎత్తేలోపలే ఆమే ట్రంకుపెట్టె దించి, వాని బట్టలు మడిచింది. పెట్టె మీద పేరు కూడా బజారుకు పోయి ఆమే రాయించుకొచ్చింది.

పెద్ద గ్రౌండు ఉండే స్కూలు చూసొద్దాం పా అని చెప్పి కారులో కూచోబెట్టినారు. సాయిరాం నడుపుతాండాడు, ఇంద్రసేనయ్య ముందర, తల్లీకొడుకులు వెనక. దారిపొడుగునా వాడు కిటికీలో నుంచి పత్తి ట్రాక్టర్లు లెక్కపెడతా హుషారుగా ఉన్నాడు. సులోచన వాని తల నిమురుతా కూచుంది.

ఎమ్మిగనూరులో ఆ స్కూలు గేటు ముందర కారు ఆపినారు. ఆఫీసులో సంతకాలు పెట్టినారు. హాస్టలు వార్డెను వచ్చి డిక్కీలో నుంచి ట్రంకుపెట్టె దించినాడు. దాని మీద ఎర్ర రంగుతో రాసిన పేరు నితిన్ చదువుకున్నాడు. వాడు అమ్మ ముఖం చూసినాడు, పెట్టెను చూసినాడు. అరుస్తాడని అందరూ సిద్ధంగా ఉన్నారు. వాడు అరవలేదు. మెల్లగా వచ్చి ఆమె కొంగు పట్టుకున్నాడు.

"మా, నేను ఇంగ బాటిలు విసరను."

సులోచన పెట్టె దిక్కు చూసింది.

"సైకిలు హర్షితకు ఇచ్చేస్తా. సెల్లు వద్దు. టీవీ ముట్టుకోను. చాక్లెట్లు ఎవరన్నా ఇచ్చినా తినను."

అని, చాలిందో లేదో అని ఆమె ముఖంలోకి చూసినాడు. పత్తి గుప్పెట్లో పట్టుకొని రైతు ముఖం చూసే తాత చూపే అది. చాల్లేదనుకున్నాడు పాపం.

"నాకు పుట్టినరోజు కూడా చేయొద్దులే మా. ఇంగ నాకాడ ఏమీ లేదు. నువ్వే చెప్పు, ఏమిస్తే నన్ను ఇంటికి పిల్చుకొని పోతావ్?"

సులోచనకు అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ వాడు సెల్లు కోసం, చాక్లెట్టు కోసం బేరమాడినాడు అనుకుంది. కన్నతల్లి కాడ ఉండేదానికి కూడా వెల ఉంటుందని, అది కట్టలేక తనను ఈడ దించేస్తాండారని వాడు నమ్ముతాండాడు. ఏడేళ్ల బిడ్డ. ఆమె పోయి, వార్డెను చేతిలో నుంచి ట్రంకుపెట్టె పిడి పట్టుకుంది. ఆయన ఏమైందో అర్థం కాక వదిలేసినాడు.

ఇంద్రసేనయ్య దగ్గరికొచ్చినాడు. ఆయన కూడా విన్నాడు, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అయినా మాట మార్చలేదు. పిల్లోళ్లు మొదట అట్లనే అంటారు, రెండు రోజులకు అలవాటైపోతాడు, లోపలికి పంపు అన్నాడు. సులోచన పెండ్లయి వచ్చినాక మొదటిసారి మామకు ఎదురు నిలబడింది.

"వాడు ఇంట్లో ఉండేదానికి ధర అడుగుతాండాడు మామా. నేర్పించింది మనమే. ఇప్పుడు ఈడ వదిలేసిపోతే, అది నిజమే అని మనమే చెప్పినట్లు."

ఇంద్రసేనయ్య కోపం తెచ్చుకోలేదు. ఆయనకు కోపం తెచ్చుకునే అలవాటు లేదు. మెట్ల మీద నుంచి పడింది కూడా నీ బిడ్డేనమ్మా అన్నాడు. ఆ పసిదానికి మళ్లీ ఏమన్నా అయితే ఎవరు జవాబు చెప్తారు, అది ఉండే ఇంట్లోకి నేను వీన్ని రానియ్యను అని చెప్పి, పోయి కారులో కూచున్నాడు. ఆయన చెప్పింది తప్పని సులోచన ఎట్లంటాది? హర్షిత వాచిన భుజం ఆమె కళ్ల ముందరే ఉంది.

సాయిరాం కారుకూ పెండ్లానికీ మధ్యలో నిలబడినాడు. కొంతసేపటికి వచ్చి ఆమె చేతిలో నుంచి పెట్టె తీసుకొని డిక్కీలో పెట్టినాడు. మీరు బస్సుకు రాండి, దారిలో నాయనతో మాట్లాడతా అన్నాడు. ఆయన ఏం మాట్లాడతాడో, మాట్లాడతాడో లేదో. కారు పోయింది.

బస్టాండులో అంగడికి చిప్సు పొట్లాలు దండలు దండలుగా వేలాడతాండాయి. నితిన్ అడిగినాడు. ఇంటికి పోయి అన్నం తిందాం నాయనా అనింది సులోచన. గేటు కాడ అన్ని మాటలిచ్చిన పిల్లోడు గదా, ఊరుకుంటాడనుకుంటే పొరపాటు. బస్సు కదిలేసరికి మొదలుపెట్టినాడు. చిప్సు కోసమే అయ్యింటే అంత ఏడ్చేవాడు కాదు. ఆ గేటు, ఆ పెట్టె, ఆ ఎర్ర అక్షరాలు, అన్నీ కలిసి బయటికొచ్చినాయి. ముందరి సీటును తన్నినాడు, ఆమె ముఖం మీద గుద్దినాడు. ఆమె రెండు మణికట్లూ పట్టుకుంది. కొట్టనియ్యను నాయనా, ఈడనే ఉంటా అని మెల్లగా ఒక్క మాటే చెప్పుకుంటా కూచుంది.

బస్సంతా ఇటే చూసింది. ఒకామె బిస్కెట్టు పొట్లం చాపి, ఇయ్యమ్మా పాపం, తల్లివేనా నువ్వు అనింది. వెనక నుంచి ఒకాయన, రెండు పీకితే ఊరుకుంటాడు అన్నాడు. వద్దక్కా, వద్దన్నా, కాసేపు ఓర్చుకోండి అని సులోచన ఇటొకరికి అటొకరికి చెప్పుకుంది. కండక్టరు వచ్చి, ఇట్లయితే దిగాల్సొస్తుందమ్మా అన్నాడు. ఆమె ఆయన కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఆ రద్దీలో వాడు వంగి, పాత గాటు ఇంకా మానని చేతినే మళ్లీ కొరికినాడు. దేవుడా, నేను చేసేది సరైందేనా, వీడు ఎప్పటికన్నా మారతాడా, ఇంటికాడ హర్షితను నేను కాపాడుకోగలనా అని లోపల అనుకుంటానే, ఆమె వాని చేతులు మాత్రం వదల్లేదు.

కోటేకల్లు దాటినాక వాని గొంతు పూర్తిగా పోయింది. ఎక్కిళ్లు మిగిలినాయి. ఒళ్లంతా చెమటతో ఆమె ఒళ్లోకి జారినాడు. బస్సులో జనం ఎవరి మాటల్లో వాళ్లు పడినారు.

"మా."

"ఊ."

"ఇప్పుడు మళ్లీ ఆడికి పంపిస్తావా?"

"పంపను."

"కొరికినా గదా."

"కొరికినావ్. నొప్పి లేస్తాంది. ఇంగోసారి కొరకనియ్యను, కొట్టనియ్యను, చెల్లెలి దగ్గరికి ఒంటరిగా పోనియ్యను. పంపను మాత్రం."

వాడు ఆ గాటు మీద వేలు పెట్టి చూసినాడు.

"మరి నేనేమియ్యాల?"

"ఏమీ ఇయ్యొద్దు."

వాడు నమ్మలేదు. తల ఎత్తి ఆమె ముఖం వెతికినాడు, యాడన్నా మెలిక ఉందేమో అని. ఊరికే ఎట్ల పెట్టుకుంటావ్ అన్నాడు. ఊరికేనే నాయనా, కన్నోళ్లు అట్లనే పెట్టుకుంటారు అనింది. ఆదోని వచ్చేదాకా అదే మాట మార్చి మార్చి అడిగినాడు. తిడితే? పంపను. తంతే? తన్ననియ్యను, పంపను. తాత చెప్తే? అయినా పంపను అనింది.

బస్సు దిగి, వాని చెయ్యి పట్టుకొని మండి ఉండే సందు వైపు నడిచింది. ఆ ఇంటి తలుపు తెరుస్తారో లేదో ఆమెకే తెల్దు. ఆ సంగతి వానికి చెప్పలేదు.